బుడ్డల మిల్లులో మా అత్త తావు

మా తమ్ముడు ఇంజనీరు కాలేజీలో చేరిన ఏడు ఆళ్లగడ్డలో మా నాయనను కలిసిన ప్రతివాడూ ఒకటే అడిగేవాడు, డ్యామా, రోడ్లా అని. శ్రీశైలంలో డ్యాం పని నడుస్తున్న కాలం అది. మా పక్క ఇంజనీరంటే డ్యాం కట్టాలి, లేకపోతే రోడ్డు వేయాలి. మా నాయనకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు వాణ్ణే అడిగాడు.

"ఒరే, నువ్వు ఏం కట్టే ఇంజనీరువిరా?"

"ఏమీ కట్టను నాయనా. ఫ్యాక్టరీల్లో పని ఎట్ల జరుగుతాందో చూస్తా. మనిషి యాడ కూసోవల్ల, సామాను యాడ పెట్టల్ల, ఎట్ల చేస్తే కష్టం తగ్గి పని ఎక్కువైతాది, అదీ నా చదువు."

"దానికి చదువెందుకురా? మేస్త్రి ఉండాడు గదా."

మా అమ్మ నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అని వాడు ఎన్నిసార్లు పలికించినా మా నాయన నోటికి రాలేదు. చివరికి ఆయనే ఒక పేరు పెట్టుకున్నాడు, పనిని చూసే ఇంజనీరు అని. అడిగినవాళ్లకు అదే చెప్పేవాడు. వాళ్లు తల ఊపి, "గవర్నమెంటుదేనా?" అనేవాళ్లు.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. నన్ను నంద్యాలలో మా మేనత్త కొడుక్కి ఇచ్చారు. ఆమె మా నాయనకు సొంత అక్క. నాకూ అత్తే, తమ్ముడికీ అత్తే. వాడు నంద్యాల మిషన్ బడిలో చదివినన్నాళ్లూ ఆమె ఇంట్లోనే తిన్నాడు. ఆమెకు మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, అంటే నా మొగుడు. ఆయనది లారీ మీద పని. డోన్ వైపు పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని ఇంట్లో మేమిద్దరమే ఉన్నట్టు లెక్క.

తమ్ముణ్ణి చూసినప్పుడల్లా అత్త, "నాకు కూతురుంటే నీకే కట్టబెట్టుందునురా అల్లుడా, బతికిపోయినావు," అనేది.

"నీ అసుంటి కూతురైతే నేను శ్రీశైలం కొండెక్కి దాక్కునుందును," అనేవాడు వాడు.

అత్తా నేనూ బుడ్డల మిల్లుకు పోయేవాళ్లం. వేరుశనగను మా వైపు బుడ్డలనే అంటారు. మిషను కాయను పగలగొట్టి గింజల్ని అవతల పోస్తుంది. ఆ గింజల్లో రాళ్లు, మట్టిబెడ్డలు, పుచ్చులు, పగలని కాయలు కలిసి వస్తాయి. మేము షెడ్డులో గోడవారన వరసగా కూర్చుని, చాటలతో చెరిగి, పుచ్చులు ఏరి, మంచి గింజలు పక్కనున్న గంపలో వేయాలి. గంపలు నిండితే గోనెసంచుల్లో పోస్తారు. సాయంత్రం మేస్త్రి వచ్చి వరస మొత్తానికి ఎన్ని సంచులైనాయో చూసుకుని పోతాడు. ఎవరు ఎంత ఏరారో ఆయనకు పట్టదు.

మా వరసలో ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఎవరూ పద్ధతి అనలేదు, దానికి పేరూ లేదు. ఎవరి గంప ముందుగా నిండుతుంటే వాళ్లు ఒక దోసెడు తీసి వెనకబడిన మనిషి గంపలో వేసేవాళ్లు. చంటిబిడ్డకు పాలిచ్చి వచ్చినామెకు వేసేవాళ్లు. ఒళ్లు కాలుతున్నా పనికి వచ్చినామెకు వేసేవాళ్లు. మాట్లాడుతూనే, అటువైపు చూడకుండానే వేసేవాళ్లు. వేసిన మనిషి చెప్పదు, వేయించుకున్న మనిషి అడగదు. మా అత్త కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి ఆమె గంపలో రోజూ ఎవరో ఒకరి దోసిలి పడుతూనే ఉండేది. మంచి గింజేదో, పుచ్చేదో ఆమెకు వేళ్లతోనే తెలియాలి. వేళ్లు కళ్లంత తొందరగా చెప్పవు.

ఆ గోడకాడి తావు ఆమెకు ఇంటికంటే ఎక్కువ. మొగుణ్ణి సమాధి చేసిన వారం తిరక్కుండానే వచ్చి అక్కడ కూర్చుందట. ఎందుకత్తా అంత తొందరగా పోయినావు అని నేనొకసారి అడిగాను. "ఇంట్లో ఏడిస్తే ఒక్కదాన్నే ఏడవల్లమ్మే. ఆడైతే ఏడుస్తావుంటే ఎవరో ఒకరు తిడతారు," అంది. మేస్త్రి తనను ముసలిదానా అంటే, "నన్ను ఈడ నుంచి లేపల్లంటే దేవుడు రావల్ల, నీ వల్ల కాదు," అనేది. అందరం నవ్వేవాళ్లం.

తమ్ముడిది ఆఖరి ఏడు. ఒక మధ్యాహ్నం రైలు దిగి ఇంటికొచ్చి, అన్నం ముందర కూర్చుని విషయం చెప్పాడు. ఏదైనా ఒకచోట జరిగే పనిని దగ్గరుండి చూసి, కొలిచి, దాన్ని ఎట్లా బాగు చేయవచ్చో రాసి కాలేజీలో ఇవ్వాలట. పెద్ద ఫ్యాక్టరీలవాళ్లను అడిగితే గేటుకాడనే వద్దన్నారట.

"మీ మిల్లులో చూడనిస్తారా అత్తా?"

"చూస్తే ఏమొస్తాది నీకు?"

"నా పాసు దీంట్లోనే ఉండాది."

"మేము పని చేసేది చూస్తే నువ్వు పాసా?"

"అంతే అనుకో," అని వాడు నవ్వుతూ మజ్జిగ పోయించుకున్నాడు.

అత్త మరుసటి రోజే మేస్త్రిని పట్టుకుంది. మేస్త్రి పోయి మిల్లు షావుకారును అడిగాడు. చూసుకోనీ, రాసినదాంట్లో ఒక ప్రతి నాకూ ఇవ్వమను అన్నాడట షావుకారు. అంతటితో అయిపోయేది. కానీ అత్త వరసలో అందరికీ చెప్పిన తీరు వేరు. "మన చేతులను బట్టి పిల్లోనికి మార్కులేస్తారంట. మనం నిదానంగా చేస్తే వాడు ఫెయిలు," అని చెప్పింది. ఆమె అర్థం చేసుకున్నది అదే. మేమందరం అర్థం చేసుకున్నదీ అదే. ఇంటికి చదువుకున్నవాడు వస్తే మంచి చీర కట్టుకుని ఎదురొస్తాం కదా, అట్లా చేతుల్ని కూడా తయారు చేసుకోవాలనుకున్నాం.

ఆదివారం మా చర్చి గుడిలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు అత్త లేచి నిలబడింది. "మా అల్లుని పరీక్ష కోసం, మా మిల్లులో ఆడోళ్ల చేతుల కోసం ప్రార్థన చేయండయ్యగారూ," అంది. అయ్యగారు ఒక నిమిషం ఆగి, రెండూ చేశారు. సోమవారం ఆ సంగతి వరసలో చెప్పుకుని నవ్వుకున్నాం. మా అత్త పక్కన కూర్చునేది ఒక ముస్లిం ఆడమనిషి, అందరం ఆపా అనేవాళ్లం. "మీ చేతులకు మీ అయ్యగారు చెప్పినాడు. నా చేతులకు నేనే చెప్పుకుంటాలే," అని తన రెండు చేతులూ ఎత్తి చూసుకుంటూ వాటిని ఉర్దూలో ఏదో తిట్టింది.

తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో అట్ట, దానికి కాగితాలు, మెడలో తాడుకు ఒక గడియారం. పైన నొక్కితే ముల్లు పరిగెత్తుతుంది, మళ్లీ నొక్కితే నిలబడుతుంది. ఒక్కొక్కరి ముందర కొంతసేపు కూర్చుని, చెయ్యి గింజల కుప్పలోకి పోయేదాన్ని ఒకటిగా, చాటలో పోసేదాన్ని ఒకటిగా, చెరిగేదాన్ని, ఏరేదాన్ని వేరువేరుగా రాసుకుంటూ పోయాడు.

"మా చేతులను తునకలు తునకలు చేస్తాండావు గదప్పా, కూర వండుతావా?" అంది ఆపా.

"మీరు మామూలుగా చేయండక్కా. నన్ను చూడొద్దండి. రోజూ ఎట్ల చేస్తారో అట్లనే."

మేము చేసినది మామూలుగా కాదు. ఎవరూ నీళ్లకు లేవలేదు. ఎవరూ నడుం నిమురుకోలేదు. రాళ్లు పడే చప్పుడు వానలాగా వచ్చింది. నా వేళ్లు నావి కానట్టు ఆడాయి. తమ్ముడు కాసేపు చూసి, గడియారం ఆపి, అనుమానంగా అడిగాడు. మనిషి మామూలుగా చేస్తున్నదా, తొందరగా చేస్తున్నదా అని అంచనా వేయడం కూడా వాడి చదువులో ఒక భాగమట.

"అత్తా, నిజం చెప్పు. రోజూ ఇంత బిరబిరా చేస్తారా?"

"రోజూ ఇంతే."

"ఏమక్కా?" అని వాడు ఆపాను అడిగాడు.

"ఇది కొంచెం తక్కువే అబ్బయా. నిన్ను చూసి సిగ్గుపడతాండాము," అంది ఆపా.

నన్నూ చూశాడు. నేను తల ఊపాను. అందరి తలలూ ఊగాయి. వాడు రాసుకున్నాడు.

ఆఖరున మా అత్త ముందర కూర్చున్నాడు. ఆమె చాట ఎత్తి చెరిగి, వేళ్లతో తడుముతూ ఏరడం మొదలుపెట్టింది. వాడు కాగితం మీదికి వంగినప్పుడల్లా ఆపా దోసిలి ఒకవైపు నుంచి, నా దోసిలి ఇంకోవైపు నుంచి ఆమె గంపలో పడింది. వాడు తల ఎత్తబోతే ఆపా, "అబ్బయా, ఆ గడియారం మీ కాలేజీదా? పెండ్లిలో మామను అట్లాందే అడుగుతావా?" అని మాటల్లో పెట్టేది. చివరికి వాడు అత్త గంప చూసి నోరు తెరిచాడు.

"అత్తా! ఈ వయసులో ఇంత బిరీగా ఎట్ల చేస్తాండావు?"

ఆమె పైటతో మొహం తుడుచుకుని, చిన్నపిల్లలాగా నవ్వింది. ఆమె అంత సంతోషంగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

తమ్ముడు పాసయ్యాడు. మంచి మార్కులే వచ్చాయన్నాడు. రాసినదానికి గట్టి అట్ట వేయించి, ఒక ప్రతి షావుకారుకు ఇచ్చాడు. అందులో మా మంచికే చాలా రాశాడు. నేల మీద కూర్చుంటే నడుములు పోతాయని, పీటలు వేయించమని రాశాడు. గంప ఎడమచేతికి, సంచి కుడిచేతికి అందేటట్టు ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి ఉండాలని బొమ్మ వేసి చూపించాడు. ఎవరు ఎంత చేస్తున్నారో ఎవరికి వాళ్లకు తెలిస్తే, ఎక్కువ చేసినవాళ్లకు ఎక్కువ కూలి అడిగే వీలుంటుందని కూడా రాశాడట. వాడు నాకు చదివి వినిపించాడు. నాకు బాగానే అనిపించింది.

మళ్లీ కొత్త బుడ్డలు దిగినప్పుడు మిల్లుకు పోతే షెడ్డంతా మారిపోయి ఉంది. నేల మీద సున్నంతో గడులు గీశారు. గడికొక పీట. పీటలు నిజంగా నడుముకు సుఖంగా ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ గడికీ గడికీ మధ్య దూరం. చెయ్యి చాచినా పక్కామె గంప అందదు. ఎవరి సంచి మీద వాళ్ల గుర్తు. తమ్ముడు చూసిన రోజు మేము చేసినంత పని ఇక రోజూ చేయాలని మేస్త్రి చెప్పాడు. తక్కువైతే ఆ మనిషి మరుసటి వారం రానక్కర్లేదు. కూలి పెంచే సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మేము చేశాం. చేయగలమని అప్పుడే తెలిసింది. మాటలు పోయాయి. నవ్వులు పోయాయి. నీళ్లకు లేచేది తగ్గింది. ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే వేళ్లకు వేడి తెలిసేది కాదు. పండుగ చేసినట్టు ఒక్కరోజు చేసిన పని మామూలు పనైపోయింది. దానికి కోపం రావాలి కదా. నాకు రాలేదు. దేనికీ ఏమీ రాలేదు.

అత్త వల్ల కాలేదు. పొద్దున అందరికంటే ముందు వచ్చి కూర్చునేది, మధ్యాహ్నం అన్నం మూట విప్పేది కాదు. అయినా ఆమె సంచి సగం దగ్గరే ఉండేది. ఆమె గడికి ఒక పక్క ఆపా గడి, ఇంకో పక్క నాది. చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. ఆపా ఒకసారి లేచి, నీళ్లకు పోతున్నట్టు పోయి, కొంగులోని గింజలు అత్త గంపలో ఒంపింది. మేస్త్రి చూశాడు. మరుసటి రోజు ఆపా గడిని షెడ్డు అవతలి చివరికి మార్చారు.

మేస్త్రి చెడ్డవాడు కాదు. వారం చివర అత్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పెద్దమ్మా, ఎందుకిట్ల చేస్తాండావు?"

"ఏం చేస్తాండానప్పా? అయినకాడికి చేస్తాండా."

"నువ్వు అందరికంటే బాగా చేస్తావని మీ అల్లుడే రాసినాడంట గదా. షావుకారు చదివి చెప్పినాడు. చెయ్యగలిగీ కావాలని నిదానం చేస్తాండాదంటాండాడు. నీకు కళ్లు కనపడవని చెప్పు, నేను పోయి మాట్లాడతా. కనపడవా?"

షెడ్డులో అందరం వింటున్నాం. ఆమె కనపడవు అనొచ్చు. అంటే ఆ రోజు అంత ఎట్లా ఏరావు అని అడుగుతారు. తమ్ముడు రాసింది అబద్ధమైపోతుంది. పాసైన పిల్లోణ్ణి మళ్లీ ఫెయిలు చేస్తారేమోనని ఆమె భయం. అట్లా చేస్తారో చేయరో మాకెవరికీ తెలియదు.

"కనపడతాయి," అంది అత్త.

"అయితే చెయ్యి."

"చెయ్యను పోప్పా. నాకిష్టం లేదు," అని చాట కింద పెట్టి లేచింది. పీట పట్టుకుని లేచింది. గడి గీత తొక్కకుండా, పాదంతో తడుముకుంటూ బయటికి నడిచింది. నేను లేవలేదు. లేస్తే నా సంచి తక్కువైతుంది. ఆ రోజు నా సంచి సరిపోయింది.

ఆదివారం నేను బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయాను. తమ్ముడు ఇంకా ఉద్యోగం రాక మా నాయన దగ్గరే ఉన్నాడు. అంతా చెప్పాను. దోసిళ్ల సంగతి కూడా చెప్పాను.

"మామూలుగా చేయమంటిని కదక్కా," అన్నాడు వాడు.

"అంటివి."

"మరి?"

"నువ్వు పాసు కావల్లని," అన్నాను.

మా నాయన వింటూ ఉన్నాడు. "ఒరే, నువ్వు పోయి షావుకారుకు చెప్పు," అన్నాడు. "నీ చదువు ఏమన్నా కానీ. అది నా అక్క."

తమ్ముడు నాతోపాటే నంద్యాలకు వచ్చాడు. సోమవారం పొద్దున నేను షెడ్డులోకి పోతే వాడు షావుకారు గదిలోకి పోయాడు. ఎక్కువసేపు ఉండలేదు. గేటు దాటి పోతుంటే నేను చాట మీద నుంచి చూశాను. వాడు షెడ్డు వైపు తిరగలేదు.

ఏం జరిగిందో సాయంత్రం ఇంట్లో చెప్పాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"నేను రాసిన లెక్క తప్పు సార్ అని చెప్పినా. వాళ్లు ఆ రోజు నా కోసం చేసినారు, మామూలు పని అది కాదు అని చెప్పినా."

"అయ్యో, ఎందుకు చెప్పినావురా పిచ్చోడా!" అంది అత్త. "మీ కాలేజీకి తెలిస్తే?"

"తెలియనీ. ఆయన ఏమన్నాడో తెలుసా? తప్పెట్లయితాదప్పా, వాళ్లు రోజూ అంతే ఏరతాండారు గదా, కావాలంటే సంచులు చూడు అన్నాడు. నన్ను గోడౌనులోకి తీసుకుపోయి పోయిన వారం సంచులు చూపించినాడు. నేను రాసినంతే ఉండాయి అత్తా. ఒక్క నీది తప్ప అందరివీ అంతే ఉండాయి."

నేను ఏరిన సంచులు కూడా వాడు చూసే ఉంటాడు.

"మరి నన్ను రమ్మన్నాడా?" అని అడిగింది అత్త. ఆమె ఆశ పెట్టుకుని ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"లేదు."

"సరేలే. పాసు అట్లనే ఉండాదా?"

"ఉండాది."

"అయితే చాలు. కాళ్లు కడుక్కో, అన్నం పెడతా."

వాడు తినలేకపోయాడు. ఆమె దగ్గర కూర్చుని, కంచాన్ని వేళ్లతో తడిమి చూసి, మిగిల్చినందుకు తిట్టింది. కొన్నాళ్లకు వాడికి దూరాన ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అదే పని, పనిని చూసే పని. మొదటి సెలవుకు వచ్చి అత్తను పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఒక కంటి పొర తీయించాడు. కొంత చూపు వచ్చింది. అప్పటికి మిల్లులో ఆమె వయసువాళ్లను తీసుకోవడం మానేశారు.

నేను మాత్రం పోతూనే ఉన్నాను. సాయంత్రం ఇంటికి రాగానే అత్త ఒకటే అడిగేది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, మేస్త్రి ఏమన్నాడు, ఇవేవీ కాదు.

"నా తావులో ఎవరు కూసున్నారు?"

"ఎవరూ కూసోలేదత్తా," అనేదాన్ని.

అది నిజమే. గడులు గీసినాక ఆ గోడవార ఎవరూ కూర్చోరు. ఆమె మానేసినాక అక్కడ నిండిన సంచులు పేరుస్తున్నారు. ఆ సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఎవరూ కూర్చోలేదని వింటే ఆమె "ఊఁ" అని పక్కకు తిరిగేది. ఏడు తిరిగినా, ఇంకో పంట బుడ్డలు దిగినా అదే అడిగేది, అదే చెప్పేదాన్ని. ఆమెకు సంతోషమో బాధో మొహంలో తెలిసేది కాదు. నా మొహంలో ఏం తెలిసేదో నాకు తెలియదు.

ఒక సాయంత్రం నేను వచ్చి చెప్పులు విడిచి నిలబడ్డాను. ఆమె గడపలో కూర్చుని ఉంది. నేను జవాబు సిద్ధంగా పెట్టుకుని కాసేపు అట్లనే నిలబడ్డాను.

"చింతపండు అయిపోయింది," అంది.

నేను మళ్లీ చెప్పులు తొడుక్కుని అంగడికి పోయాను.